టేబుల్ ఎక్కిందా, అటకెక్కిందా?

అమెరికా వచ్చిన నాలుగో నెలలో, ఒక గురువారం మధ్యాహ్నం ఎనిమిది మంది ముందు నా పరువు తీసిన మాట ఒకటుంది. పెద్ద మాటేం కాదు, ఒకటో క్లాసులో నేర్చుకున్నదే. టేబుల్.

మా ప్రాజెక్టులో రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్స్, అంటే కంప్యూటర్ తనంతట తానే చేసుకుపోయే పనులు, ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ తెల్లారేదాకా సాగేవి. వాటి వరస మారిస్తే రెండు గంటలు కలిసొస్తాయని నేనో ప్రతిపాదన తయారుచేశాను. పన్నెండు స్లైడ్లు. ఆ రోజు మీటింగులో అదే ఆఖరి అంశం. నా వంతు రాగానే మేనేజర్ గడియారం చూసి "లెట్స్ టేబుల్ దిస్" అంది. నేను "థాంక్యూ" అని స్క్రీన్ షేర్ చేసేశాను.

ఎవరూ ఏమీ అనలేదు. మొదటి స్లైడ్ అయింది. ఆవిడ నవ్వుతూనే "నో, వి ఆర్ టేబులింగ్ ఇట్" అంది. ప్రోత్సహిస్తోంది కాబోలనుకుని రెండో స్లైడుకి వెళ్లాను. ఒకతను ల్యాప్‌టాప్ మూశాడు. ఇంకొకామె కప్పు పట్టుకుని లేచింది. పక్కన కూర్చున్న సహోద్యోగి జాలిపడి చాట్‌లో "నాట్ టుడే, మ్యాన్" అని పంపాడు. నా స్క్రీన్ తెర మీదే ఉంది కదా, ఆ మూడు మాటలూ అందరూ చదివారు.

సాయంత్రం డిక్షనరీ తీశాను. టేబుల్ అనే క్రియకి రెండు అర్థాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. బ్రిటిష్ వాడుకలో చర్చకు పెట్టడం, అమెరికన్ వాడుకలో చర్చను పక్కన పెట్టడం. అంటే ఒకే మాటకు సరిగ్గా ఎదురెదురు అర్థాలు! మన దగ్గర ఫలానా నివేదికను పార్లమెంటులో టేబుల్ చేశారంటే సభ ముందు ఉంచారని. అది బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చిన వాడుక, నా చెవికి అలవాటైంది అదే. బల్ల మీద పెడితే అందరూ చూస్తారన్నది వాళ్ల లెక్క. బల్ల మీద వదిలేసి వేరే పని చూసుకుందామన్నది వీళ్ల లెక్క. ఇక్కడి ప్రతినిధుల సభలోనైతే ఒక తీర్మానాన్ని టేబుల్ చేశారంటే దాని కథ ముగిసినట్టే.

ఇంకో తమాషా ఏమిటంటే, ఇదే అమెరికన్లు "ఇట్స్ ఆన్ ది టేబుల్" అంటే మాత్రం ఆ విషయం ఇంకా పరిశీలనలో ఉందని అర్థం. "ఆఫ్ ది టేబుల్" అంటే ఇక ఆ ఊసే లేదని. బల్ల మీద ఉంటే బతికున్నట్టు, బల్ల మీద పెడితే పోయినట్టు! తెలుగులో ఈ గొడవ లేదు. అటకెక్కించారంటే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

ఈ మాట దగ్గర పప్పులో కాలేసింది నేనొక్కడినే కాదని తర్వాత తెలిసి కాస్త ఊరట కలిగింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి సంగతిని చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. ఒక అత్యవసర పత్రాన్ని టేబుల్ చేద్దామని బ్రిటిష్ అధికారులు, వద్దే వద్దని అమెరికన్ అధికారులు చాలాసేపు వాదించుకున్నారట, అదీ కాస్త ఘాటుగానే. చివరికి చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటే!

రెండేళ్ల తర్వాత అచ్చం అలాంటిదే నా కళ్ల ముందు జరిగింది. లండన్ టీముతో కాల్‌లో అక్కడి లీడ్ "సెక్యూరిటీ అంశాన్ని ఈ రోజే టేబుల్ చేయాలి" అన్నాడు. మా మేనేజర్ ముఖం ఎర్రబడింది. వచ్చే వారం రిలీజ్ పెట్టుకుని వాయిదా ఏమిటని ఆవిడ టెన్షన్. నేను మ్యూట్ తీసి, "ఆయన ఇప్పుడే మాట్లాడదామంటున్నారు" అన్నాను. ఇద్దరు ఇంగ్లిష్ వాళ్ల మధ్య నేను దుబాసీ పని చేయడం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, ఆ రోజంతా కాలు నేల మీద ఆనలేదు.

డౌట్ అనే మాటతోనూ కొన్నాళ్లు తిప్పలు పడ్డాను. "ఐ హావ్ ఎ డౌట్" అన్నప్పుడల్లా ఎదుటివాళ్లు బిగుసుకునేవారు. మనకది ఒక ప్రశ్న, వాళ్లకది అపనమ్మకం. "క్వశ్చన్" అనడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది. కొత్తగా వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒకటే. తెలియని మాట వింటే ఎలాగూ వెతుక్కుంటారు, తెలిసిన మాట విన్నప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడండి.

మీటింగ్ నోట్స్ రాసే పని ఇప్పుడు నాదే. అందులో టేబుల్ అనే మాట రానివ్వను. వాయిదా అయితే వాయిదా అని, చర్చ అయితే చర్చ అని రాస్తాను.

1876లో హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనికాధికారి రాసిన సభా నియమాల పుస్తకాన్ని ఇక్కడి సంఘాలు నేటికీ పాటిస్తాయి. బల్ల మీద పక్కన పెట్టిన అంశాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవడానికి అందులో ఒక పద్ధతి ఉంది, "టేక్ ఫ్రమ్ ది టేబుల్" అని. నా పన్నెండు స్లైడ్ల విషయంలో ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. బ్యాచ్ జాబ్స్ ఇప్పటికీ తెల్లారేదాకా నడుస్తూనే ఉన్నాయి.