విండోస్ 11 వేయిస్తున్నారా? షాపు కుర్రాడి మెయిల్ ఐడీతో వద్దు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. గుంటూరులో బ్రాడీపేటకో అరండల్‌పేటకో సీపీయూ మోసుకెళ్లి, సాయంత్రానికి 11 వేయించుకొచ్చే వాళ్ల కోసం ఇది. ముఖ్యంగా మిర్చి యార్డు కమిషన్ కొట్ల వాళ్లకి. రైతుల ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కుల స్కాన్లు డెస్క్‌టాప్ మీదే ఉంటాయి కదా.

అందరూ అడిగేది మైక్రోసాఫ్ట్‌కి వెళ్లే డేటా గురించి. అది రెండు నిమిషాల పని. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డయాగ్నస్టిక్స్ తెరిచి ఆప్షనల్ డేటా ఆపేయండి. రిక్వైర్డ్ డేటా మాత్రం హోమ్, ప్రో రెండింట్లోనూ ఆగదు. స్క్రీన్ ఫొటోలు తీసే ‘రీకాల్’ అనే ఫీచర్, ఏఐ కోసం ప్రత్యేక చిప్ ఉండే ‘కోపైలట్ ప్లస్’ పీసీల్లోనే ఉంటుంది, పాత డెస్క్‌టాప్‌కి ఆ బెంగ అక్కర్లేదు.

అసలు చిక్కు అకౌంట్‌తో. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే పాత లోకల్ అకౌంటే (మెయిల్ ఐడీ లేకుండా ఆ కంప్యూటర్‌కే పరిమితమైనది) కొనసాగుతుంది. ఫార్మాట్ కొట్టి కొత్తగా వేస్తే మాత్రం సెటప్ మధ్యలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. మీరు పక్కన లేకపోతే కుర్రాడు తన మెయిల్ ఐడీ కొట్టేస్తాడు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి, సపోర్టు ఉన్న సిస్టమ్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేయడం) దానంతటదే ఆన్ అయి, ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ అతని అకౌంట్‌లోకి పోతుంది. రేపు మదర్‌బోర్డు మారిస్తే ఆ కీ అడుగుతుంది. అప్పటికి ఆ కుర్రాడు అక్కడ ఉంటాడో లేదో!

ఇంటికి తేగానే సెట్టింగ్స్, అకౌంట్స్, యువర్ ఇన్ఫోలో ఎవరి మెయిల్ ఉందో చూడండి. మీది కాకపోతే ముందు ఆ డిస్క్ ఎన్‌క్రిప్షన్ (సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది) ఆఫ్ చేయండి. డిస్క్ మొత్తానికీ ఆ తాళం తొలగేదాకా ఆగి, మీ అకౌంట్‌కి మారి మళ్లీ ఆన్ చేయండి. అప్పుడే కొత్త కీ పుడుతుంది. మెయిల్ ఒక్కటే మారిస్తే పాత కీ అతని దగ్గర చెల్లుతూనే ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజీ వన్‌డ్రైవ్ కూడా చూడండి. బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఆ అకౌంట్‌కే ఎక్కుతాయి. ఆపగానే డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తే కంగారు పడొద్దు, ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ముందు వాటిని వెనక్కి తెచ్చుకుని, తర్వాతే ఆ అకౌంట్‌ని అన్‌లింక్ చేయండి.

బ్యాకప్‌కి మీ హార్డ్‌డిస్కే ఇచ్చి పంపండి. షాపు డిస్కులోకి ఎక్కిన కాపీని తర్వాత ఎవరూ గుర్తుపెట్టుకుని చెరపరు.