డీకేటీ పట్టా మీద నా పీహెచ్‌డీ

లా కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీలో చేరినవాళ్లు నన్ను మొదట అడిగేది, టాపిక్ ఎట్లా దొరికిందని. నాకు క్లాసులోనే దొరికింది. అనంతపురంలో ల్యాండ్ లాస్ పేపరు చెబుతాను. భూమిలేని పేదలకు ప్రభుత్వం సాగుకిచ్చే భూమి అసైన్డ్ భూమి, దానికిచ్చే కాగితమే డీకేటీ పట్టా. 1977 అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒక విద్యార్థి లేచి, "మా ఇంట్లో ఉండేది డీకేటీ పట్టానే మేడమ్, అమ్మితే చెల్లదా?" అని అడిగేవాడు. బ్యాచ్‌లు మారాయి గానీ ఈ ప్రశ్న మాత్రం ఏటా వచ్చేది.

ఎంట్రన్స్, కోర్సువర్కు అందరికీ ఉండేవే. కూర్చొని చదివితే గట్టెక్కుతాం. నా విషయంలో కాలం తీసుకుంది సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక. సెక్షన్లు, తీర్పులు పేర్చి పట్టుకెళ్తే మా గైడ్ గారు ఓపిగ్గా అంతా చదివి, "చట్టం ఏమంటుందో రాసినావు, కోర్టు ఏమనిందో రాసినావు. నువ్వేమంటావమ్మా?" అన్నారు. న్యాయశాస్త్ర పరిశోధనలో నేను విన్న ప్రశ్నల్లో ఇంతకంటే గట్టిది లేదు.

ఆ జవాబు కోసం రెండు దారులు పట్టాను. మొదటిది ఒక సీనియర్ వకీలు గారి ఆఫీసు. కోర్టు పని ముగిశాక సాయంత్రాలు ఆయన హైకోర్టు తీర్పులు అచ్చయ్యే ఏఎల్‌డీ, ఏఎల్‌టీ వాల్యూములు నా ముందు పెట్టేవారు. చేవెళ్ల భూసేకరణ అధికారికీ మేకల పాండుకూ మధ్య నడిచిన కేసులో 2004 నాటి హైకోర్టు తీర్పు అక్కడే పూర్తిగా చదివాను. ప్రజావసరానికని ప్రభుత్వం అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుంటే, సొంత పట్టాదారుతో సమానంగా నష్టపరిహారం ఇవ్వాలన్న తీర్పు అది. దాన్ని ఇప్పటికీ క్లాసులో గొంతు పెంచి చెబుతాను.

రెండో దారి తహసీల్దారు ఆఫీసులు, ఊళ్లు. పాత అసైన్‌మెంట్ రికార్డుల కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒకచోట రాలేదు. సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేస్తే కదిలింది. పరిశోధన చేసేవాళ్లు అప్పీలు వేయడానికి మొహమాటపడకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ రికార్డు లేకుండా రాసేదంతా ఊహే అవుతుంది.

ఊళ్లో ఒక పెద్దాయన ఇనుప పెట్టెలోంచి తన పట్టా తీసి చూపించారు. నాలుగు మడతల దగ్గరా చిరుగులు, వెనక అన్నం మెతుకులతో అంటించిన కాగితం పట్టీలు. సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు, నాలుగు హద్దులు, ఊదారంగు సీలు. కింద షరతు: వారసులకు సంక్రమిస్తుంది గానీ అన్యాక్రాంతం చేయరాదు. నేను ముందుగా చూసింది తేదీ. ఎందుకంటే ఆంధ్ర ప్రాంతంలో 18-6-1954 నాటి జీవో 1142కు ముందు ఇచ్చిన పట్టాల్లో అమ్మరాదన్న షరతు సాధారణంగా ఉండదు. ఆ తేదీకి ఇవతలా అవతలా ఉన్న రెండు కాగితాలు చూడ్డానికి ఒకేలా ఉన్నా, వాటి హక్కులు వేరు. ఆయన పట్టా 1954 తర్వాతిదే.

"అమ్మలేదమ్మా, అమ్మను కూడా. పిల్లోళ్లు బెంగళూరుకు పనికి పోయినారు. నాతో సేద్యం కాదు. గుత్తకిచ్చినాను, అంతే" అన్నారాయన. గుత్త అంటే కౌలే.

నా థీసిస్ అక్కడే తేలింది. ఈ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, మార్పిడి, తాకట్టు, కౌలు అన్నీ దాని కిందికే వస్తాయి. బ్యాంకులో, సహకార సంఘంలో తనఖా పెడితే సెక్షన్ 6 మినహాయింపు ఇస్తుంది. కానీ బతుకుదెరువుకు వలసపోతూ పక్కింటి రైతుకు చేను గుత్తకిచ్చిన కుటుంబం చట్టం కళ్లకు అమ్ముకున్నవాళ్లతో సమానమే. సెక్షన్ 4 కింద తహసీల్దారు ఆ భూమిని స్వాధీనం చేసుకోవచ్చు. నేను తిరిగేసిన వ్యాసాలన్నీ అమ్మకం చుట్టూనే తిరిగాయి. కరువు జిల్లాలో నిజంగా జరిగేది గుత్త. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పని నేను వాదించాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

రాయడం మాత్రం సెలవుల్లోనే సాగింది. క్లాసులు, మూట్ కోర్టులు, ఇంటర్నల్ మార్కులు, పరీక్ష డ్యూటీలు ఎవరి కోసమూ ఆగవు. తెల్లవారుజామున రెండు గంటలు కూర్చోగలిగితే ఆ రోజు నాకు పండగే.

ఇంతలో 2023లో సవరణ వచ్చింది. అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన సాగుభూమిని అసలు పట్టాదారు, ఆయన లేకుంటే వారసులు అమ్ముకోవచ్చన్నది దాని సారం. దాదాపు పూర్తయిన అధ్యాయాన్ని మళ్లీ తెరిచాను. కష్టమనిపించలేదు, నా వాదనకు పదును పెరిగింది. 20 ఏళ్లు నిండని పట్టాదారు గుత్త సంగతి ఎక్కడిదక్కడే ఉంది కదా!

చివర్లో సిమిలారిటీ పరీక్ష, అంటే థీసిస్‌లో కాపీ ఎంతుందో సాఫ్ట్‌వేర్‌తో చూడడం. 10 శాతం దాటకూడదు. లా థీసిస్‌లో సెక్షన్ల పాఠం యథాతథంగా ఇవ్వక తప్పదు. సాఫ్ట్‌వేర్ దాన్నంతా కాపీ కింద లెక్కేసింది. అయితే యూజీసీ 2018 నిబంధనల్లోనే చట్టాల పాఠాన్ని, ఆధారం చూపిన ఉటంకింపులను, గ్రంథసూచిని లెక్కలోంచి తీసేయాలని ఉంది. ఆ నిబంధన ఉటంకిస్తూ లైబ్రరీకి అర్జీ రాసిచ్చాను. వాళ్లు మళ్లీ పరీక్షించారు, అంకె దిగింది. న్యాయశాస్త్రంలో పరిశోధించే ప్రతి ఒక్కరూ ఆ నిబంధన ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.

వైవాలో ఎగ్జామినర్ గారు సూటిగా అడిగారు: "గుత్తను అనుమతిస్తే పెద్ద రైతులు ఆ పేరుతో భూములు లాక్కోరా?" న్యాయమైన భయమే. గడువు పరిమితితో రాతపూర్వకంగా, తహసీల్దారు ఆఫీసులో నమోదు చేసిన గుత్తకే మినహాయింపు ఇవ్వాలన్నాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. అరగంట వాదించుకున్నాం. ఇన్నేళ్ల పనిలో నాకు బాగా ఇష్టమైన అరగంట అది.

సవరించిన ప్రతి ఇచ్చాను, థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగలోకి పోయింది. ఇప్పుడు నమోదు గుత్త ప్రతిపాదనను విడిగా వ్యాసంగా రాస్తున్నాను, ఎగ్జామినర్ గారి అభ్యంతరాన్నే మొదటి పేజీలో పెట్టి.