తెలుగు మీడియంలో సివిల్స్: మూడో ప్రయత్నం, జీఎస్-3, ఆ డాక్యుమెంటరీలు

ఫలితాలు వచ్చి నెల దాటింది. ఫోన్లు తగ్గాయి, దండలు వాడిపోయాయి, సర్వీసు ఏదొస్తుందో ఇంకా తెలీదు, అయినా లిస్టులో పేరుంది, నాకది చాలు. రాజోలు దగ్గర పల్లెటూరు మాది. పదో తరగతి దాకా గవర్నమెంటు బడి, మెయిన్స్ మొత్తం తెలుగులో, ఆప్షనల్ తెలుగు సాహిత్యం. రోజూ ఎవరో ఒకరు మెసేజ్ పెడుతున్నారు, అన్నా బుక్ లిస్ట్ చెప్పవా అని. ఆ లిస్టులు మీ అందరి దగ్గరా ఉన్నాయి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నేను చదివినవీ అవే. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, జీఎస్-3లో (మెయిన్స్‌లో అంతర్గత భద్రత వచ్చే జనరల్ స్టడీస్ మూడో పేపర్) 2022లో నాకు 71 ఎందుకొచ్చాయి, 2024లో 99 ఎలా వచ్చాయి అన్నది. రెండింటికీ కారణం అల్‌ఖైదా నాయకుడు బిన్ లాడెన్ వేట మీద వచ్చిన డాక్యుమెంటరీలే.

2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాయి, ఆ వెంటనే కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. జూన్ 5న ప్రిలిమ్స్. కరెంట్ అఫైర్స్ సగం అలాగే ఉంది, టెస్ట్ సిరీస్ ఆగిపోయింది, టెన్షన్‌తో అన్నం సహించేది కాదు. అవతలి ఒడ్డు సిగ్నల్ అందుతుందేమోనని ఫోన్ పట్టుకుని గోదావరి గట్టెక్కిన వాళ్లలో నేనూ ఉన్నాను. చివరికి పాలకొల్లులో ఉండే మా బావే దారి చూపించాడు. చించినాడ వంతెన దాటితే నెట్ ఉంది కదా, తను పీడీఎఫ్‌లన్నీ దింపి పెన్‌డ్రైవ్‌లో వేసి, మా వైపు కొబ్బరి లోడుకొచ్చే వ్యాన్ డ్రైవర్ చేతికిచ్చి పంపేవాడు. నేను కాపీ చేసుకుని, ఇంకా ఏం కావాలో ఒక ఫైల్లో రాసి, మర్నాడు అదే వ్యాన్‌లో తిప్పి పంపేవాణ్ణి. రెండోసారి పీడీఎఫ్‌లతో పాటు ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది, బుర్ర వేడెక్కితే చూడరా అని బావ రాశాడు. 2013లో గ్రెగ్ బార్కర్ తీసిన 'మ్యాన్‌హంట్' అది.

ఆ రాత్రి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 1996లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ బిన్ లాడెన్ కోసమే విడిగా ఒక చిన్న విభాగం పెట్టింది, అలెక్ స్టేషన్ అనేవారు. అందులో విశ్లేషకులు చాలామంది ఆడవాళ్లే. ఏళ్ల తరబడి కాగితాల మధ్య కూర్చుని, ఈ పేరుకీ ఆ ఫోన్ నంబరుకీ సంబంధం ఏంటో వెతుక్కుంటూ, ప్రమాదం వస్తోంది అని చెప్పినవాళ్లు. 2001 ఆగస్టు 6న అమెరికా అధ్యక్షుడికి అందిన రోజువారీ నివేదికలో, బిన్ లాడెన్ అమెరికా లోపలే దాడి చేయాలని పట్టుబట్టి ఉన్నాడన్న శీర్షికే ఉంది. ముందే చెప్పి కూడా సెప్టెంబరు 11 దాడుల్ని ఆపలేకపోయామన్న బాధ వాళ్ల ముఖాల్లో ఇన్నేళ్ల తర్వాత కూడా కనిపిస్తుంది.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ దాక్కున్న ఇంటికి ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు. చెత్త బయట వేయకుండా లోపలే కాల్చేసేవాళ్లు. అతను ఉత్తరాలు నెట్ లేని కంప్యూటర్లో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే, నమ్మకస్తుడైన కొరియర్ దూరంగా ఏదో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి పంపి, జవాబులు మళ్లీ పెన్‌డ్రైవ్‌లోనే తెచ్చేవాడు. ఆ పూట బావ పెన్‌డ్రైవ్ నా చేతిలోనే ఉంది. నెట్ ఆగిపోయినంత మాత్రాన కబురు ఆగదని, కబురు మోసుకెళ్లే మనిషి ఒకడు ఉంటాడని నాకు అప్పుడు అనుభవంలోకి వచ్చింది. 2.5 కోట్ల డాలర్ల బహుమతి ప్రకటించినా దొరకనివాడు, ఆ కొరియర్ పేరు పట్టుకుని ఏళ్లపాటు వెంటపడితే 2010లో ఇంటితో సహా దొరికాడు.

ప్రిలిమ్స్ దాటాను. మెయిన్స్‌కి మూడు నెలలు. అప్పుడు చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇంటర్నల్ సెక్యూరిటీకి చదువుతున్నాననుకుని ఈ వేట మీద దొరికిన ప్రతిదీ చూశాను. అఫ్గానిస్తాన్‌లో తోరాబోరా కొండలు, రావల్పిండిలో 2003లో సెప్టెంబరు 11 దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మహమ్మద్ అరెస్టు, 2011 మే 2 రాత్రి జలాలాబాద్ నుంచి బయల్దేరిన హెలికాప్టర్లు, ఒకటి ఆవరణలో కూలిపోవడం, నలభై నిమిషాల్లో అంతా అయిపోవడం. నిమిషాలతో సహా నోటికొచ్చు. జీఎస్-3 పేపర్లో ఏమడిగాడు? వ్యవస్థీకృత నేరాల రకాలు చెప్పి, దేశీయంగా, దేశాల మధ్యా ఉగ్రవాదులతో వాటికున్న లింకులు వివరించమన్నాడు. నాకు తెలిసిన కథ రాశాను. 150 పదాల జవాబులో సగం పైగా అబోటాబాద్ గోడల ఎత్తు, కొరియర్, హెలికాప్టర్. హవాలా రెండు మాటలు, నకిలీ నోట్లు ఒక్క మాట, మాదకద్రవ్యాలు అసలే లేవు. బయటికొచ్చాక కూడా బాగా రాశాననే అనుకున్నాను. మార్కులు చూసేవరకు తెలీలేదు.

2023లో ప్రిలిమ్స్‌లోనే పోయాను. సీశాట్, అదే లెక్కలు, రీజనింగ్ ఉండే అర్హత పేపర్. ఆ ఏడాది ఆ పేపర్ ఏం చేసిందో మీకు నేను చెప్పాలా.

మలుపు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో వచ్చింది. అక్కడ పరిచయమైన ఒక సీనియర్ అన్న, ఇంటర్వ్యూ దాకా రెండుసార్లు వెళ్లొచ్చినవాడు, నా పాత జవాబు మళ్లీ రాయించుకుని చదివి ఒకటే అడిగాడు. "ఇందులో రాజ్యం ఏం నేర్చుకుందో ఒక్క వాక్యం చూపించు." చూపించలేకపోయాను. ఆ సాయంత్రం రాజోలు బస్సులో కూర్చుని దారి పొడుగునా అదే ఆలోచన. దిగగానే రెండు వందల పేజీల నోటుబుక్ కొన్నాను. ఎడమ పేజీలో డాక్యుమెంటరీలో చూసిన ఘట్టం, ఒక్క లైను. కుడి పేజీలో దాని వల్ల పుట్టిన చట్టం, సంస్థ, తీర్మానం, లేదా బయటపడిన లోపం. కుడి పేజీ నిండకపోతే ఆ ఘట్టం పరీక్షకి పనికిరాదు, ఎంత ఒళ్లు జలదరించినా సరే.

ఎలా నిండిందో చెప్తాను. 1998 ఆగస్టు 7న నైరోబీ, దార్ ఎస్ సలామ్‌లలో అమెరికా రాయబార కార్యాలయాల మీద బాంబు దాడులు, 224 మంది చనిపోయారు. కుడివైపు, 1999 అక్టోబరు 15 నాటి భద్రతా మండలి తీర్మానం 1267, ఉగ్రవాదుల జాబితా పెట్టే ఆంక్షల కమిటీ. దాని కిందే మన సంగతి. అదే ఏడాది డిసెంబరులో మన విమానం ఐసీ-814 హైజాక్, కాందహార్, ప్రయాణికుల కోసం మనం వదిలేసిన ముగ్గురిలో, తర్వాత జైషే మహమ్మద్ పెట్టిన మసూద్ అజర్. అతణ్ణి ఆ 1267 జాబితాలో పెట్టించడానికి మనం 2009లో మొదలుపెడితే, చైనా అడ్డుపడుతూ వచ్చి, 2019 మే 1న గానీ పని కాలేదు. ఈ నాలుగు లైన్లు జీఎస్-2లో ఐక్యరాజ్యసమితి సంస్కరణలకీ పనికొస్తాయి, జీఎస్-3కీ పనికొస్తాయి. 2001 సెప్టెంబరు 11కి ఎదురుగా ఉగ్రవాదానికి డబ్బు అందకుండా చూడమన్న తీర్మానం 1373, మనీలాండరింగ్ మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ పరిధిలోకి ఉగ్రవాద నిధులు. మన 26/11 ముంబై దాడులకి ఎదురుగా జాతీయ దర్యాప్తు సంస్థను పెట్టిన ఎన్ఐఏ చట్టం 2008. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం యూఏపీఏకి 2019 సవరణ, సంస్థలనే కాక వ్యక్తుల్ని కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే వీలు. అంతర్జాతీయ ఉగ్రవాదంపై సమగ్ర ఒప్పందం కావాలని మనం 1996 నుంచీ అడుగుతున్నాం, నిర్వచనం దగ్గరే ఆగిపోయి ఉంది.

ఇంకో అలవాటు చేసుకోండి. డాక్యుమెంటరీలో మాట్లాడుతున్నది ఎవరు? ఎక్కువగా సీఐఏ వాళ్లు, సైనికాధికారులు, అంటే పని చేసినవాళ్లే తమ పని గురించి చెప్పడం. వాళ్ల కష్టం నిజం, నేను కాదనను, కానీ అది వాంగ్మూలం, తీర్పు కాదు. 2012లో వచ్చిన 'జీరో డార్క్ థర్టీ' సినిమా చూసి, ఖైదీల్ని హింసిస్తేనే ఆచూకీ దొరికిందని వ్యాసంలో రాసేసిన స్నేహితుడు ఒకడున్నాడు నాకు. 2014 డిసెంబరులో అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ విడుదల చేసిన నివేదిక సారాంశం దీనికి వ్యతిరేకంగా చెప్పింది, కొరియర్ గురించిన ముఖ్యమైన సమాచారం హింసతో సంబంధం లేకుండానే వచ్చిందని. సీఐఏ దాన్ని ఒప్పుకోలేదు. రెండూ రాయండి, ఎథిక్స్ పేపర్‌కి కూడా అదే సరుకు.

నాకు అన్నిటికంటే ఎక్కువ తగిలింది మాత్రం వేరే. ఆ ఇంట్లో ఉన్నది అతనేనని నిర్ధారించుకోవడానికి, పిల్లల రక్తం నమూనాలు దొరుకుతాయని సీఐఏ ఒక పాకిస్తానీ డాక్టర్‌తో అబోటాబాద్‌లో హెపటైటిస్-బి టీకాల కార్యక్రమం పెట్టించింది. సంగతి బయటపడ్డాక ఆ దేశంలో టీకాల మీద అప్పటికే ఉన్న అనుమానం ఇంకా ముదిరింది. 2012 డిసెంబరులో పోలియో చుక్కలు వేసేవాళ్లను, అందులోనూ ఆడవాళ్లను, కాల్చి చంపారు. మా పిన్ని ఏఎన్ఎం. ఐస్‌ప్యాకులు పెట్టిన టీకా డబ్బా భుజాన వేసుకుని పడవెక్కి లంక ఊళ్లకి వెళ్తుంది, వరదల్లో కూడా. ఆవిణ్ణి ఇంటి గుమ్మంలోకి రానిచ్చేది నమ్మకం ఒక్కటే. ఆ నమ్మకాన్ని ఒక గూఢచర్య పనికి వాడుకోవడం తప్పని నేను ఈరోజుకీ గట్టిగా అనుకుంటున్నాను, వేట ఎంత న్యాయమైనదైనా సరే. 2014లో అమెరికా ప్రభుత్వమే ఇక మీదట టీకాల కార్యక్రమాన్ని ముసుగుగా వాడమని చెప్పింది. ఈ ఉదాహరణ ఎథిక్స్‌లో రాశాను, వ్యాసంలో రాశాను, ఇంటర్వ్యూలో కూడా చెప్పాను.

2024 జీఎస్-3లో సోషల్ మీడియా, ఎన్‌క్రిప్టెడ్ మెసేజింగ్ వల్ల భద్రతకి వచ్చే సవాళ్లు అడిగాడు. ఈసారి చట్టాలు, ఐటీ రూల్స్, సంస్థలు అన్నీ ముందు రాసి, చివర్లో రెండే లైన్లు పెట్టాను. అబోటాబాద్‌లో దాక్కున్నవాడు నెట్టే వాడలేదు, పెన్‌డ్రైవ్ వాడాడు, కాబట్టి సాంకేతిక నియంత్రణతో పాటు మనుషుల ద్వారా అందే నిఘా సమాచారం బలపడాలి అని. మూడు గంటల వీడియోలోంచి పరీక్షకి కావాల్సింది ఆ రెండు లైన్లే. రాజ్యేతర శక్తులు, ఆంక్షల కమిటీ లాంటి మాటలు తెలుగులో ముందే ఖాయం చేసుకుని పెట్టుకోండి, హాల్లో అనువాదం చేసుకుంటూ కూర్చుంటే టైమ్ సరిపోదు.

ఇంటర్వ్యూ గురించి క్లుప్తంగా. ఫారంలో హాబీ దగ్గర డాక్యుమెంటరీలు అని రాశాను కాబట్టి అబోటాబాద్ దాడి అంతర్జాతీయ చట్టం ప్రకారం సరైనదేనా అని అడిగారు. ఐరాస చార్టర్‌లో బలప్రయోగం వద్దనే 2(4), ఆత్మరక్షణ హక్కు ఇచ్చే 51 అధికరణాలు చెప్పి, సార్వభౌమత్వం సంగతి చెప్పి, మనం కూడా 2019లో పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద చేసిన వైమానిక దాడిని సైనికేతర ముందస్తు చర్య అని పిలిచామని గుర్తుచేశాను. ఒక సభ్యురాలు టీకాల మీద ఇంకో ప్రశ్న వేశారు. పిన్ని గురించి చెప్పేటప్పుడు గొంతు కొంచెం వణికింది.

పగలంతా వీడియోలు చూస్తున్నాడు, వీడికేం ఉద్యోగం వస్తుందని మా ఊళ్లో అన్నవాళ్లున్నారు. మూడేళ్లు విన్నాను. నేను కాలక్షేపం చేయలేదండి. రోజూ నాలుగున్నరకి లేచాను, కొబ్బరి దింపు రోజుల్లో నాన్నతో తోటలో కాయలు లెక్కపెట్టి కూడా రోజుకి రెండు జవాబులు రాశాను, పండగ లేదు, పెళ్లిళ్లు లేవు. ఒక్క మనిషి కోసం పదిహేనేళ్లు కాగితాలు తిరగేసిన ఆ ఆడవాళ్లను చూశాక, పదిహేను నెలలు కుదురుగా కూర్చోలేనని అనడానికి నాకు నోరు రాలేదు. మీరూ కూర్చోండి. ఫోన్ పక్క గదిలో పెట్టి కూర్చోండి, నెట్ లేని రోజుల్లోనే నాకు బాగా చదువు సాగింది.

2025 ఏప్రిల్ 22న ఫలితాలొచ్చాయి. నాన్న మిఠాయి డబ్బాలు తెప్పించాడు, కుర్రాళ్లు బ్యాండు మాట్లాడారు. కాసేపటికి టీవీలో కశ్మీర్‌లోని పహల్గామ్ ఉగ్రదాడి. పేర్లు అడిగి మరీ చంపారు, 26 మంది. నాన్నే బయటికెళ్లి బ్యాండు వద్దని చెప్పాడు. నా నోటుబుక్‌లో కుడి పేజీ ఖాళీగా పెట్టి ఎడమ వైపు ఆ తేదీ రాసుకున్నాను.

మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో ఇదే వేట మీద మూడు భాగాల కొత్త సిరీస్ వచ్చింది. పరీక్ష భయం లేకుండా ఇలాంటిది చూడటం ఇదే మొదటిసారి. పిన్ని కూడా పక్కన కూర్చుంది. నేను ఇదివరకు చెప్పింది గుర్తుండి, మొదటి భాగం అవగానే, ఆ టీకాల డాక్టర్ ఏమయ్యాడురా అని అడిగింది. 2012లో 33 ఏళ్ల శిక్ష వేశారు పిన్నీ, కాగితం మీద మాత్రం వేరే నేరం రాశారు, తర్వాత తగ్గించారు కానీ ఇంకా జైల్లోనే ఉన్నాడు అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. తెల్లారితే బుధవారం, టీకాల రోజు, మొదటి పడవ అందుకోవాలని లేచి వెళ్లిపోయింది.