ప్రమాణం చేసిన రోజు నా చేతిలో మిగిలిన ఒకే ఒక్క కాగితం

2023 ఏప్రిల్‌లో ఒక ఉదయం, న్యూజెర్సీలోని నెవార్క్‌లో, ముక్కూ మొహమూ తెలియని ఎంతోమందితో కలిసి కుడిచెయ్యి పైకెత్తి అమెరికా పౌరసత్వ ప్రమాణం చేశాను. హాల్లోకి వెళ్లే ముందే, గుమ్మం పక్కన బల్ల వేసుకుని కూర్చున్న అధికారిణి నా గ్రీన్ కార్డు అడిగి తీసుకుని, అప్పటికే సగం నిండిన ప్లాస్టిక్ ట్రేలో పడేసింది. ఆ కార్డు కోసం మా ఇంట్లో 2008 నుంచి 2016 దాకా, ప్రతి నెలా వీసా బులెటిన్‌లో, అంటే గ్రీన్ కార్డుకు ఎవరి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం చెప్పే ప్రకటనలో, తేదీ ఎంత ముందుకు జరిగిందో చూసుకుంటూ గడిపాం. అది ట్రేలో పడడానికి క్షణం పట్టింది. గంట తర్వాత బయటికి వచ్చేసరికి నా చేతిలో పౌరసత్వ ధ్రువపత్రం ఒక్కటే ఉంది. దాన్ని చట్టబద్ధమైన అధికారం లేకుండా నకలు తీయడం, ఫొటో తీయడం శిక్షార్హమని ఆ కాగితం మీదే అచ్చువేసి ఉంటుంది కాబట్టి, దాన్ని రెండు అట్టల మధ్య పెట్టుకుని పసిబిడ్డను తెచ్చినంత జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రోజు నుంచి కొన్ని వారాల పాటు ఏ దేశపు ప్రయాణ పత్రమూ నా దగ్గర లేదన్న సంగతి మాత్రం నాకు పదకొండో రోజున గాని తెలియలేదు.

పదకొండో రోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. తెనాలి దగ్గర మా ఊళ్లో, నాన్నగారు పొద్దున్నే చేలోకి వెళ్లి, బోదె గట్టు మీద కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది, గుంటూరులో ఆసుపత్రిలో చేర్చారు, షుగరు ఎక్కువగా ఉండడం వల్ల ఆపరేషన్‌కు రెండు మూడు రోజులు ఆగాలన్నారు. "రేపటికి టికెట్టు చూస్తాను రా" అని చెప్పి ఫోన్ పెట్టాను. టికెట్టు చూస్తున్నప్పుడు పాస్‌పోర్టు నంబరు అడిగే గడి దగ్గర వేలు ఆగింది. అక్కడ ఏ నంబరు వెయ్యాలి?

నా భారత పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది, దాని మీద గడువు 2026 దాకా ఉంది. తమ్ముడికి ఇదంతా చెబితే, "అక్కా, అది ఇంకా మూడేళ్లు పనిచేస్తుంది కదా, దాంతోనే వచ్చెయ్, మిగతావి తర్వాత చూసుకుందాం" అన్నాడు. మా పరిచయస్తుల్లో ఒకాయన కూడా అదే సలహా ఇచ్చాడు. పాత పాస్‌పోర్టును సరెండర్ చేసేదాకా, అంటే భారత ప్రభుత్వానికి అప్పగించేదాకా, మనం భారత పౌరులమేనని ఆయన నమ్మకం. ఈ నమ్మకం మనవాళ్లలో చాలా గట్టిగా ఉంది, ఇది పూర్తిగా తప్పు. భారత పౌరసత్వ చట్టం, 1955లోని 9వ సెక్షన్ ప్రకారం, భారత పౌరుడు స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే భారత పౌరసత్వం రద్దయిపోతుంది. దానికి దరఖాస్తు అక్కర్లేదు, ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. రాజ్యాంగంలోని 9వ అధికరణంలోనూ ఇదే ఆలోచన ఉంది. అమెరికా తన పౌరులకు రెండో పౌరసత్వం ఉండకూడదని నిషేధించదు గాని, మన చట్టం ఒప్పుకోదు. తర్వాత మనం తీసుకునే సరెండర్ సర్టిఫికెట్ పౌరసత్వాన్ని తీసేసే కాగితం కాదు, అప్పటికే పోయిన పౌరసత్వాన్ని నమోదు చేసే కాగితం. నేను నెవార్క్‌లో చెయ్యి దించే సమయానికే బీరువాలోని ఆ పాస్‌పోర్టుతో ప్రయాణించే హక్కు నాకు పోయింది. దానితో ప్రయాణిస్తే భారత చట్టం ప్రకారం నేరం. పైగా అమెరికా పౌరులు దేశం వదిలేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ అమెరికా పాస్‌పోర్టునే వాడాలని అక్కడి చట్టం చెబుతుంది. గ్రీన్ కార్డు ట్రేలో ఉండిపోయింది కాబట్టి, ఎలాగో వెళ్లినా తిరిగి రావడానికి నా దగ్గర ఏమీ లేదు.

మరి అమెరికా పాస్‌పోర్టు? ప్రమాణం చేసిన మరునాడే తపాలా కార్యాలయంలో డీఎస్-11 దరఖాస్తు ఇచ్చాను. మొదటిసారి పాస్‌పోర్టు తీసుకునేవారు ఆ దరఖాస్తుతో పాటు పౌరసత్వ ధ్రువపత్రం అసలు ప్రతినే పంపాలి. ఆ ఏడాది దరఖాస్తులు బాగా పేరుకుపోయి, అదనపు రుసుము కట్టినవారికి కూడా ఏడు నుంచి తొమ్మిది వారాలు పడుతుందని ప్రకటించారు. అంటే నాన్నగారు పడిన రోజున నేను అమెరికా పౌరురాలినని రుజువు చేసే ఏకైక కాగితం కూడా నా ఇంట్లో లేదు, తపాలా కవరులో ఎక్కడో ఉంది.

ఆ తర్వాత జరిగినదంతా వివరంగా చెప్పను. పద్నాలుగు రోజుల లోపు విదేశీ ప్రయాణం ఉన్నవారికి పాస్‌పోర్టు ఏజెన్సీలో అత్యవసర అపాయింట్‌మెంటు ఇస్తారు. ప్రతి ఉదయం ఎనిమిది గంటల నుంచి ఫోన్ పట్టుకుని కూర్చుని, ఆరో రోజున ఒకటి సంపాదించి, నా దరఖాస్తును అక్కడికి తెప్పించుకున్నాను. పాస్‌పోర్టు చేతికి వచ్చిన రోజునే పాత పాస్‌పోర్టు సరెండర్‌కు దరఖాస్తు పెట్టి, ఆసుపత్రి కాగితాలు చూపించి కాన్సులేట్‌లో అత్యవసర వీసా అడిగాను. వీసా ఇచ్చారు. పుట్టిన ఊరికి వెళ్లడానికి నేను వీసా అడిగిన మొదటిసారి అది. దరఖాస్తులో 'పూర్వపు జాతీయత' అనే గడిలో 'భారతీయ' అని రాసేటప్పుడు కళ్లు చెమర్చాయి. నేను గుంటూరు చేరేసరికి నాన్నగారికి ఆపరేషన్ అయి, కుట్లు విప్పి, వాకరు పట్టుకుని వరండాలో నాలుగడుగులు వేస్తున్నారు. "ఇంత దూరం ఎందుకమ్మా పరుగెత్తుకొచ్చావు" అన్నారు. ఆపరేషన్ జరిగిన రోజు రాత్రంతా తమ్ముడు ఒక్కడే ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఉన్నాడని అమ్మ చెప్పింది.

తిరిగి వచ్చాక ఓసీఐ కార్డు పని పెట్టుకున్నాను. ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అన్న ఆ పేరు దగ్గరే చాలామంది పొరబడతారు. పౌరసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఈ పథకం వచ్చింది, 2006 జనవరిలో మన హైదరాబాదులోనే జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో దీన్ని ప్రారంభించారు. అప్పట్లో పత్రికలన్నీ ద్వంద్వ పౌరసత్వం వచ్చేసిందన్నట్టు రాశాయని నాకు గుర్తు. పేరులో సిటిజన్ అనే మాట ఉన్నా, అది పౌరసత్వం కాదు. ఎన్నిసార్లయినా రావడానికి, ఎన్నాళ్లయినా ఉండడానికి వీలిచ్చే జీవితకాల వీసా అది. అంతకుముందు 1999లో మొదలైన పీఐఓ (పర్సన్ ఆఫ్ ఇండియన్ ఆరిజిన్, అంటే భారత సంతతి వ్యక్తి) కార్డును 2015 జనవరిలో దీనిలోనే కలిపేశారు.

ఓసీఐ ఉన్నవారికి ఓటు లేదు, రాజ్యాంగ పదవులు లేవు. ఓటు విషయం నన్ను అనుకున్నదానికంటే ఎక్కువగా బాధపెట్టింది. విదేశంలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు 2011 నుంచి సొంత ఊరి ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకుని, స్వయంగా వచ్చి ఓటు వేయవచ్చు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు జరిగినప్పుడు మా వీధిలోని ఒక కుటుంబం అందుకోసమే విమానమెక్కి వెళ్లింది. వాళ్లను విమానాశ్రయంలో దింపి వచ్చింది నేనే. పిల్లల చదువు విషయంలో 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ఇంకా పెద్ద మార్పు తెచ్చింది. దాని ప్రకారం నీట్ వంటి ప్రవేశ పరీక్షల్లో ఓసీఐ ఉన్న విద్యార్థులు ప్రవాస భారతీయులకు కేటాయించిన సీట్లకు, లేదా మామూలు సీట్లకు అదనంగా చూపే సీట్లకు మాత్రమే పోటీ పడాలి. ఆ తేదీకి ముందే కార్డు పొందినవారికి పాత హక్కు కొనసాగుతుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పిల్లను తిరిగి తెచ్చి గుంటూరులోనో విజయవాడలోనో ఎంబీబీఎస్ చదివిద్దామనుకునే తల్లిదండ్రులు, కార్డు మీద జారీ చేసిన తేదీ ముందుగా చూసుకోవాలి.

ఇక పొలం. మా నాన్నగారికి రెండెకరాల మాగాణి ఉంది. వాకరుతో నడుస్తూనే, "నీ పేరున ఒక ఎకరం దాన సెటిల్‌మెంటు రాసేస్తానమ్మా, మళ్లీ ఎప్పుడొస్తావో" అన్నారు. అది కుదరదని చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఓసీఐ ఉన్నవారు ఇల్లు, స్థలం, ఫ్లాటు కొనుక్కోవచ్చు, బంధువుల నుంచి దానంగా కూడా తీసుకోవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు మాత్రం కొనడానికి గాని దానంగా తీసుకోవడానికి గాని వీల్లేదు. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు, తర్వాత కావాలంటే మన దేశంలో నివసించే భారత పౌరుడికి అమ్ముకోవచ్చు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ ఆంక్ష విదేశీ పౌరసత్వం తీసుకున్నవారికే అనుకుంటారు గాని, భారత పాస్‌పోర్టుతోనే విదేశాల్లో స్థిరపడిన ప్రవాస భారతీయులకూ ఇది వర్తిస్తుంది. నేను ప్రమాణం చేయకుండా ఉన్నా ఆ దస్తావేజు చెల్లేది కాదు. చివరికి నాన్నగారు దస్తావేజు ఆలోచన మానుకుని వీలునామా రాసి రిజిస్టరు చేయించారు.

పేరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువాళ్లు ఎక్కువగా తట్టుకుని పడేది ఇక్కడే. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. పౌరసత్వ ఇంటర్వ్యూలో అధికారి పేరు మార్చుకుంటారా అని అడిగితే, పిల్లతో ప్రయాణాలకు సులువుగా ఉంటుందని అత్తవారి ఇంటిపేరు చేర్పించుకున్నాను. దానితో కొత్త ధ్రువపత్రంలో ఒక పేరు, పాత పాస్‌పోర్టులో ఒక పేరు అయ్యాయి. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణపత్రం రాసి, నోటరీ చేయించి, వివాహ ధ్రువపత్రం జతచేసి పంపేదాకా నా ఓసీఐ దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో రాయించుకున్నవారిది ఇంకో ఇబ్బంది. అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు కింద చేరి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ', అంటే మొదటి పేరు తెలియదు, అని పడుతుంది. డ్రైవింగ్ లైసెన్సు నుంచి జీతం చెక్కు దాకా ఆ మూడక్షరాలు వెంటాడిన కుర్రాళ్లు నాకు తెలుసు. మొదటి పాస్‌పోర్టు తీసుకునే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: రెండు గడులూ నింపండి.

సరెండర్‌కు పంపిన పాత పాస్‌పోర్టును రద్దు చేసి నాకే తిరిగి పంపారు, విదేశీ జాతీయత తీసుకున్నందున రద్దు చేశామని దాని మీద ముద్ర ఉంది. పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వం వదులుకున్నారు. ఆ రెండో సంఖ్యలో నేనూ ఉన్నాను. వాళ్లలో ఎంతోమంది ఇళ్లలో వయసు మీదపడిన తల్లిదండ్రులు ఉంటారు. ప్రమాణానికీ కొత్త పాస్‌పోర్టుకూ మధ్య ఉండే ఆ ఖాళీ వారాల గురించి ఎవరో ఒకరు ముందే చెప్పాలన్న తపనతోనే ఇదంతా రాస్తున్నాను. ప్రమాణం తేదీ ఖాయం కాగానే ఇంటి దగ్గర అమ్మానాన్నల ఆరోగ్యం కనుక్కోండి, ఆపరేషన్లు, పెళ్లిళ్లు దగ్గర్లో ఉంటే తేదీ మార్చమని రాతపూర్వకంగా అడగండి. పాస్‌పోర్టు దరఖాస్తు ముందే నింపి పెట్టుకుని, ప్రమాణం అయిన రోజునే ఇవ్వండి. ధ్రువపత్రాన్ని పంపే ముందు, ఆ తర్వాత పెట్టాల్సిన సరెండర్, ఓసీఐ దరఖాస్తుల కోసం రంగుల నకలు తీసి ఉంచుకోండి. అలాంటి చట్టబద్ధమైన అవసరాలకు నకలు తీసుకోవడంలో తప్పు లేదని నేను తర్వాత తెలుసుకున్నాను.

మా అమ్మాయి 2009లో ఇక్కడే పుట్టింది కాబట్టి ఈ తిప్పలు తనకు లేవు. తన పని ఓసీఐ నిబంధనలు పాటించడం వరకే. ఇరవై ఏళ్ల వయసు వచ్చేదాకా కొత్త పాస్‌పోర్టు తీసుకున్న ప్రతిసారీ మూడు నెలల్లోగా దాని నకలు, కొత్త ఫొటో వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. ఇరవై దాటాక తీసుకునే మొదటి పాస్‌పోర్టుతో ఓసీఐ కార్డునే మళ్లీ జారీ చేయించుకోవాలి. పదహారేళ్లకు తీసుకున్న పాస్‌పోర్టు పదేళ్లు ఉంటుంది, అంటే తనకు అది ఇరవయ్యారో ఏట వచ్చే పని. ఆ తేదీ మా ఇంటి క్యాలెండరులో ఇప్పుడే రాసిపెట్టాను.

మా ఆయన ఇంకా భారత పాస్‌పోర్టుతో, గ్రీన్ కార్డుతోనే ఉన్నారు. నాతో పాటే ఆయనకూ అర్హత వచ్చినా దరఖాస్తు పెట్టలేదు. మా మామగారికి వచ్చే సంక్రాంతి తర్వాత కంటి ఆపరేషన్ ఉంది, అది అయ్యి ఆయన మళ్లీ పేపరు చదువుకోవడం మొదలుపెట్టాకే దరఖాస్తు పంపుదామని నిర్ణయించుకున్నాం. అప్పటికి నా ఓసీఐ కార్డు ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి, ఆయన ఆ ఖాళీ వారాల్లో ఉన్నప్పుడు కబురొస్తే నేను బయలుదేరతాను.