జియాగూడ సందులో స్వెట్టర్లు వేసుకున్న మేకలు

ముక్కోటి ఏకాదశికి జియాగూడ రంగనాథస్వామిని చూద్దువుగాని రమ్మని అక్క పిలిస్తే హైదరాబాద్ వెళ్లాను. అద్దంకి, నార్కట్‌పల్లి మీదుగా రాత్రి బస్సు. పండగ రోజులు కదా, ప్రైవేటు బస్సులవాళ్లు టికెట్టు రెట్టింపు చేసేశారు. తెల్లవారుజామున ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ దగ్గర దిగితే, మూసీ వెంట కాస్త దూరంలో ఉన్న జియాగూడకి ఆటో అతను 300 అడిగాడు. బేరమాడి 220కి ఒప్పించేలోపు వేళ్లు కొంకర్లు పోయాయి. మాది ఒంగోలు దగ్గర పల్లె. సముద్రం దగ్గరగా ఉండటంతో డిసెంబరులోనూ మాకు ఒక దుప్పటి చాలు. హైదరాబాదేమో పీఠభూమి మీద, 500 మీటర్లకు పైన ఉన్న ఊరు. గాలి పొడిగా ఉండి రాత్రయ్యేసరికి వేడంతా పోతుంది.

దర్శనం బాగా జరిగింది. క్యూ గురించీ తోపులాట గురించీ రాయను. నా మనసంతా అక్కావాళ్ల సందులోనే ఉండిపోయింది.

ఆ సందులో గోడవారగా కట్టేసిన మేకలన్నిటికీ బడిపిల్లల పాత స్వెట్టర్లు తొడిగి ఉన్నాయి. ముందుకాళ్లు చేతుల్లోంచి తీసి, నడుం మీద గోనెపట్టా వేసి పురికొసతో కట్టారు. నేను ఆగి చూస్తుంటే వాటి యజమానురాలు అవ్వ పలకరించింది. "ఏం జూస్తున్నవ్ బిడ్డా, మనకు సలి పెడ్తలేదా? మా పిల్లలు పెద్దగయిన్రు, స్వెట్టర్లు వీటికొచ్చినయ్."

ఎక్కువగా నల్ల మేకలే, ఉస్మానాబాదీ రకం. ఆ పేరు ఇచ్చిన మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలోదే. ఈ మేకలకి కవలలు పుట్టడం మామూలు. మర్నాడు పొద్దు పొడవకముందే ఒకటి ఈనుతోందని అక్క లేపితే పరుగెత్తాను. మొదటి పిల్ల గట్టిగానే ఉంది, తల్లి నాకుతుంటే లేవబోతోంది. రెండోది తడిగుడ్డలా పడి ఉంది. అవ్వ దాని ముక్కులోనూ నోట్లోనూ జిగురు తుడిచి, గోనెతో ఒళ్లంతా గట్టిగా రుద్దింది. తర్వాత చూపుడువేలు దాని నోట్లో పెట్టి చూసింది.

"నోరు సల్లగున్నది. ఇప్పుడే పాలు పోయొద్దు."

నాకు ఆశ్చర్యం వేసింది. మా ఇంట్లో వణికే పిల్లకి ముందు పాలే పడతారు. కార్తీక మాసం ముసురుల్లో మా నాయనమ్మ ముర్రుపాలు ఉగ్గుగిన్నెతో పోస్తూనే ఉండేది, కొన్ని పిల్లలు ఆమె ఒళ్లోనే పోయేవి. అవ్వ చెప్పిన సంగతి వేరు. ఒళ్లు చల్లబడిన పిల్ల సరిగా మింగలేదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మింగినా అరగవు. ముందు వేడి, తర్వాత పాలు. తాను కప్పుకున్న నల్ల గొంగడి తీసి పిల్లను చుట్టి కుంపటి పక్కన కూర్చుంది. అది దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడి. మా నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. అందుకే మా వైపు ఇళ్లల్లో ఇంత వెచ్చటి గుడ్డ కనిపించదు. కాసేపటికి పిల్ల తల ఎత్తింది. అవ్వ మళ్లీ వేలు పెట్టి చూసి, అప్పుడు తల్లి చన్ను పిండి ముర్రుపాలు పట్టింది. బొడ్డుకి టింక్చరు రాసింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇక ఆ రోజంతా నేను అవ్వ వెనకే తిరిగాను. చార్మినార్ వెళ్దామన్న అక్క విసుక్కుని ఊరుకుంది. గుడిమల్కాపూర్ మార్కెట్లో పారేసే గోబీ ఆకులు సంచికెత్తి తెస్తారు. తడిగా వేస్తే కడుపు ఉబ్బుతుందని వాటిని ఎండలో వాడబెట్టి పెడతారు. సాయంత్రం మాత్రం తప్పనిసరిగా జొన్నచొప్ప. పొట్టలో పీచు పులిసేటప్పుడు వేడి పుడుతుంది, రాత్రంతా నెమరేస్తూ మేక ఆ వేడితోనే కాచుకుంటుంది. చలిగాలి కొట్టే వైపు పట్టాలు కట్టి, పైన జానెడు ఖాళీ వదిలింది అవ్వ. మూత్రం ఘాటు లోపలే నిలిస్తే దగ్గు పట్టుకుంటుందట.

సందు చివర అపార్ట్‌మెంటులో ఒకాయన వాసన భరించలేకపోతున్నామనీ, వీటిని ఇక్కణ్ణుంచి తీయించేస్తాననీ అవ్వ ముందే కేకలేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆ అపార్ట్‌మెంటుకి పొద్దున్నే పాలు పోసేది ఈ సందు వెనక బర్రెల కొట్టంవాళ్లే. చలికాలంలో బర్రెలు ఎక్కువగా ఈనుతాయి గనక పాలకి లోటు లేదు. అయినా లీటరు 100 రూపాయలంటే నేనూ మొదట గొణిగాను. మా ఊళ్లో గట్టు మీది గడ్డి కోసుకుంటే డబ్బులడిగేవాళ్లు లేరు. ఇక్కడ మూసీ నీళ్లతో పెంచే పారాగడ్డి కట్ట నుంచి చున్నీ (పప్పుల పొట్టూ నూకా కలిసిన దాణా), పత్తిగింజల చెక్క దాకా ప్రతిదీ కొనే పెట్టాలి. పాలు కావాలి, పేడ మాత్రం కనబడకూడదంటే ఎలా? పొద్దునా సాయంత్రం ఆ సందంతా ఊడ్చి కడిగేది కూడా అవ్వే. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. జవాబు చెప్పకుండా పైకి వెళ్లిపోయాడు. అక్క మాత్రం, నువ్వు వెళ్లిపోతావు, రేపట్నించి ఆయన మొహం నేను చూడాలి అని నన్ను కోప్పడింది.

ఊళ్లో మా మేకలు రెండు నిండుచూలు. అమ్మకి ఫోన్ చేసి నోట్లో వేలు పెట్టి చూసే సంగతి చెప్పాను. కుంపటి లేకపోతే వేడినీళ్ల సీసా పక్కన పెడితే చాలా అని అడిగింది. అవ్వకే ఫోను ఇచ్చాను.

"గుడ్డ సుట్టి పెట్టు చెల్లే, లేకుంటే తోలు కాల్తది," అంటూ అవ్వ మొదలుపెట్టింది. మంచు ఆరినంక గానీ మేతకి ఇడవొద్దనీ, తడిగడ్డి మీద, మేక కడుపులో చేరే పురుగు పైకెక్కి ఉంటుందనీ చెప్పింది. అటునుంచి అమ్మ ఏమందో గానీ, మాటలు సుబాబుల్ ఆకు దాటి అవిశాకు దాకా వెళ్లాయి. నా బస్సు టైమయ్యి ఫోను అడిగి తీసుకోవాల్సి వచ్చింది.