పామిడ్రోనేట్ నుంచి జోలెడ్రోనిక్‌కి: నా ఎముకల డ్రిప్ సంగతి

మాది గాజువాక. మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో పుట్టే రక్త క్యాన్సర్ అని తేలేసరికే నడుం దగ్గర వెన్నుపూస ఒకటి కుంగిపోయింది, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 3 దాటేసింది. క్యాన్సర్‌కి బోర్టెజోమిబ్ ఇంజక్షన్లు మొదలుపెట్టి, ఎముకలకి వేరే డ్రిప్ ఎక్కిస్తాం అన్నారు. ఈ జబ్బులో ఎముకని తినేసే కణాలు రెచ్చిపోతాయంట, ఈ డ్రిప్ మందు ఎముకకి అంటుకుని ఉండి వాటిని చంపుతుందంట. పామిడ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ రెండూ ఈ రకం మందులే.

డే కేర్‌లో నా పక్క బెడ్డు అనకాపల్లి పెద్దమ్మగారిది, ఆవిడకి జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు పావుగంటలో అయిపోయేది. నాకేమో పామిడ్రోనేట్ 90 మిల్లీగ్రాములు, మామూలుగా రెండు గంటలు చాలుగానీ కిడ్నీ బాగోలేదని ఇంకా నెమ్మదిగా, పొద్దున్న పెడితే మధ్యాహ్నం దాకా. మా ఆయనకి కోపం, ఆవిడకి మంచి మందు మనకి పాత మందా అని. డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పారు, అమ్మా, కిడ్నీ పనితనం లెక్క, క్లియరెన్స్ అంటారు, అది 30 లోపు ఉంటే జోలెడ్రోనిక్ వద్దు, మైలోమాలో ఎముకలు కాపాడ్డంలో రెండూ ఇంచుమించు సమానమే అని. తర్వాత చదివితే తెలిసింది, ఈ రెండిటినీ పోల్చిన పెద్ద ట్రయల్‌లో జోలెడ్రోనిక్‌ని మొదట 5 నిమిషాల్లోనే ఎక్కించేవారంట, కిడ్నీలు దెబ్బతింటున్నాయని మధ్యలోనే 15 నిమిషాలకి మార్చారు, 8 మిల్లీగ్రాముల డోసు కూడా 4కి దించేశారు. అప్పట్నుంచి ఆ గంటలు నాకు బరువనిపించలేదు.

మొదటి డ్రిప్ అయిన రాత్రి చలిజ్వరం, ఒళ్ళంతా విరిచేసినట్టు నొప్పులు. మొదటిసారి చాలామందికి వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది, తర్వాత డోసులకి అంతగా ఉండదు. కానీ మాలాంటివాళ్ళకి జ్వరమంటే ఇన్ఫెక్షన్ కూడా కావొచ్చు, డ్రిప్ జ్వరమేలే అని ఊరుకోకండి, ఆ రాత్రే ఫోన్ చేయండి, మేమూ చేశాం, రక్తపరీక్ష చేశాకే పారాసిటమాల్ వేసుకోమన్నారు.

ట్రీట్‌మెంట్ పనిచేసి కిడ్నీ కోలుకుంది, క్లియరెన్స్ 50 పైకి వచ్చింది. అప్పుడు జోలెడ్రోనిక్‌కి మార్చారు, అదీ పూర్తి 4 కాదు, 3.5. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను, రైతు బజారుకి నేనే వెళ్ళొస్తున్నాను, ఆ నడుంనొప్పితో మంచం దిగలేని రోజులు తలుచుకుంటే దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదు.

ఎంవీపీ కాలనీలో మా పిన్నికి కూడా జోలెడ్రోనిక్కే, కానీ ఆవిడది ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, ఏడాదికి ఒక్కసారి 5 మిల్లీగ్రాములు. నీకు ఇన్నిసార్లు ఎందుకే అని కంగారు పడింది. మందు ఒకటే అయినా జబ్బు వేరు, లెక్క వేరు, ఒకరి చీటీ చూసి ఇంకొకరు బెంగ పెట్టుకోవద్దు.

ప్రతి డ్రిప్‌కి ముందు క్రియాటినిన్, కాల్షియం చూడందే నేను చెయ్యి చాపను. కాల్షియం, విటమిన్ డి మాత్రలు రోజూ ఉంటాయి. పళ్ళు మాత్రం మొదలెట్టకముందే చూపించుకోండి, ఈ మందు మీద ఉండగా పన్ను పీకితే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది. నాకు పుచ్చుపన్ను ముందే తీసేసి, పుండు మానాకే మొదటి డ్రిప్ పెట్టారు. ఈ మధ్య ఇంకో పన్ను సలుపుతుంటే డెంటిస్ట్‌కి ఈ మందు సంగతి చెప్పాను, పీకడం వద్దని రూట్ కెనాల్ చేస్తున్నారు.