పాతబస్తీలో ఒక శనివారం: ఏ వేళకు ఏది

పాతబస్తీని తీరిగ్గా చూడాలంటే శుక్రవారం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా ప్యాలెస్‌కూ ఆ రోజే సెలవు. మక్కా మసీదులో మధ్యాహ్నం జుమ్మా నమాజు ఉంటుంది. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ చార్మినార్ దగ్గర నిలబడి పైకి చూసే వీలుండదు, జనం తోసుకుపోతుంటారు. అందుకని మేము శనివారం ఎంచుకుని, పొద్దున ఆరున్నరకల్లా చార్మినార్ కిందికి చేరాం.

ఆ వేళకు వెళ్తే దక్కేది ముందు వెలుగు. ఏటవాలు ఎండ మినార్ల మీద పడినప్పుడు గచ్చుతో చేసిన పూలూ లతలూ నీడ తేలి ఉబ్బెత్తుగా కనిపిస్తాయి, నడినెత్తి ఎండలో అవే చదునైపోతాయి. తర్వాత చాయ్. ఇరానీ చాయ్‌కి టీ ఆకునూ పాలనూ కలిపి మరిగించరు. డికాషన్ మూతపెట్టిన గిన్నెలో సన్నసెగ మీద వేరుగా ఉంటుంది, పాలు ఇంకో గిన్నెలో చిక్కబడుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. గిరాకీ తక్కువున్న హోటల్లో ఆ డికాషన్ గంటల తరబడి పొయ్యి మీదే ఉండి వగరెక్కుతుంది, కాబట్టి జనం మూగే చోటే తాగాలి. మక్కా మసీదు పక్కనున్న నిమ్రా కేఫ్‌లో మేము నిలబడే తాగాం. ఉస్మానియా బిస్కెట్టును చాయ్‌లో ముంచి రెండు సెకన్లలో తీసేయాలి, ఆలస్యమైతే విరిగి అడుక్కి పోతుంది. ఉప్పూ తీపీ కలిసిన ఆ రుచి వేడి వేడి బిస్కెట్టులోనే బాగా తెలుస్తుంది. ట్రే అప్పుడే పొయ్యిలోంచి వచ్చిందా అని అడగండి, నిజమే చెప్తారు.

టిఫిన్‌కి ఖిచిడీ, కీమా, ఖట్టా. పసుపు, మసూర్ పప్పు వేసి వండిన అన్నం మీద కీమా వేసుకుని, నువ్వులూ చింతపండూ కలిపిన పలచని ఖట్టా పోసుకుని తినాలి. ఖట్టా లేకుండా తింటే ఖిచిడీ పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది. తొమ్మిదిన్నర దాటితే చాలా హోటళ్లలో అయిపోతుంది. మాంసం తిననివాళ్లకు గుల్జార్ హౌజ్ వైపు వెన్న దోశల బండ్లున్నాయి. అక్కడికి నడిస్తే చార్ కమాన్ కూడా చూసినట్టే. హౌజ్ చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. దుకాణాల బోర్డులూ కరెంటు తీగలూ కప్పేయడంతో చాలామంది వాటి కిందినుంచి వెళ్తూ కూడా గమనించరు.

చార్మినార్ ఎక్కడానికి తొమ్మిది దాటాక టికెట్ ఇస్తారు. 1591లో కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడం మినార్లలో 149 మెట్లున్నాయంటారు గానీ, సందర్శకులను మొదటి అంతస్తు వరకే పంపుతారు. మెట్లు ఇరుకు, ఎత్తుగా ఉంటాయి, మలుపుల్లో చీకటి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కిందే ఉండి గడియారాలు చూడటం మేలు. అవి 1889లో పెట్టినవి, నాలుగు వైపులా ఉన్నాయి.

పత్తర్‌గట్టి రాతి కమానుల నీడన నడుస్తూ వెళ్తే ఇరవై నిమిషాల్లో సాలార్‌జంగ్ మ్యూజియం. ఇక్కడ ఒక్కటే లెక్క: పదకొండూ ముప్పావుకల్లా సంగీత గడియారం ముందు చోటు చూసుకోవాలి. గంట కావస్తుంటే తలుపు తెరుచుకుని ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు, అందుకే ఆ వేళకు అంత రద్దీ. పక్కనే సమ్మెటతో సెకన్లు కొట్టే కమ్మరి బొమ్మను అందరూ మరిచిపోతారు. నాకైతే అదే ఇష్టం. పన్నెండింటికి ముందున్న గంటలో బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా శిల్పాన్ని చూసిరండి. పాలరాతి ముసుగులోంచి ముఖం కనబడేలా చెక్కిన పనితనం పక్కనుంచి చూస్తేనే అందుతుంది.

మధ్యాహ్నం మదీనా చౌరస్తా వైపు బిర్యానీ. హైదరాబాదీ కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన. ప్లేటులో వట్టి తెల్లన్నం వచ్చిందంటే హండీ పైపొర నుంచే తీశారన్నమాట. ‘అడుగు నుంచి పెట్టండి’ అని ముందే చెప్పాలి. బిర్యానీతో ఇచ్చే పులుసు, సాలన్, మొత్తం అన్నం మీద గుమ్మరించుకోకండి, నువ్వులూ పల్లీల చిక్కదనం మసాలా వాసనను మింగేస్తుంది.

చౌమహల్లాకు రెండు గంటలు చాలు. ఖిల్వత్ దర్బారులోని 19 బెల్జియం షాండ్లియర్లూ, 1912 నాటి పసుపు రోల్స్‌రాయిస్ తప్పకుండా చూడాలి.

ఐదింటికి లాడ్ బజార్. లక్క గాజులకు సాగే గుణం లేదు కాబట్టి కొలత తప్పితే డబ్బు పోయినట్టే. గాజు సైజు రెండూ నాలుగు అంటే రెండంగుళాల మీద పదహారో వంతులు నాలుగు, అంటే రెండుంపావు అంగుళాల లోపలి కొలత. రెండూ ఆరు, రెండూ ఎనిమిది కూడా ఇదే లెక్క. బొటనవేలును అరచేతిలోకి మడిచి గాజు తోసి చూసుకోవాలి, కణుపుల దగ్గర కాస్త బిగువుండాలి. బొగ్గుల మీద మెత్తబడిన లక్కలో రాయిని వేడిమీదే గుచ్చితే దాని అంచు లక్కలోకి దిగి ఉంటుంది. జిగురుతో అతికించిన రాయి పైపైన నిలుస్తుంది, గోరు తగిలితే కదులుతుంది. కొన్న గాజులను ఎండలో కారులో వదలకూడదు, లక్క మెత్తబడి రూపం చెడుతుంది.

దీపాలు వెలిగాక ఖుబానీ కా మీఠా తిన్నాం. రాత్రంతా నానబెట్టిన ఎండు ఆప్రికాట్లను పంచదారతో సన్నసెగన ఉడికించి, గింజలు పగలగొట్టి తీసిన పప్పు పైన వేస్తారు. ఆ పప్పు లేకుండా వస్తే అడిగి వేయించుకోండి. తిరుగు ప్రయాణానికి చార్మినార్ దగ్గరే ఆటో కోసం నిలబడితే బేరం తెగదు. మదీనా చౌరస్తా దాకా నడిచి, అక్కడినుంచి ఎంజీబీఎస్ మెట్రో స్టేషనుకు ఆటో మాట్లాడుకోవడం సులువు.